సంతకం పెట్టని ఏడాది

నర్సీపట్నం చుట్టుపక్కల పదూళ్ళలో పరిమళ వేసే సూది గురించి చెప్పుకునే మాటల్లో సగం అబద్ధాలు. మిగతా సగం ఇంకా పెద్ద అబద్ధాలు. ఆమె సూది వేస్తే పసిపిల్లలు నిద్రలోంచి లేవరట. గొలుగొండ నుంచి వచ్చిన ఒక చెరకు రైతు, సూది వేసి పది నిమిషాలైనా చొక్కా చెయ్యి మడిచి పట్టుకునే కూర్చుని, "ఎప్పుడు పొడుస్తావమ్మా, నాకు అవతల బండి ఉంది" అన్నాడట. ఆ రైతుకి ఈపాటికి మూడు పేర్లు, నాలుగు ఊళ్ళు వచ్చేశాయి. ఎవరు చెప్పినా "మా చిన్నాన్నే" అంటారు. ఇన్ని కోతల మధ్య నిజం ఒక్కటే. ఆమె చేతిలో పొరపాటు జరగడం ఎవరూ చూడలేదు. ఆ చెయ్యి ఒక ఆస్పత్రిలో ఏడాదిపాటు పనిచేసిందని చెప్పే కాయితం కూడా ఎవరూ చూడలేదు.

కోతలు కొయ్యడం ఆ ఇంటికి తండ్రి వైపునుంచి వచ్చిన ఆస్తి. తండ్రి జ్ఞానరాజు మిషన్ ఆస్పత్రిలో ముప్పై నాలుగేళ్ళు కాంపౌండరు. చింతపల్లి ఘాట్‌రోడ్డు మీద ఆగిపోయిన బస్సు తన ఎర్ర మిక్చరుతో మళ్ళీ కదిలిందని చెప్పేవాడు. డ్రైవరుకి పట్టావా, ఇంజనులో పోశావా అని అడిగితే, "డ్రైవరుకి పట్టేను, మిగిలింది ఇంజనులో పోసేను, ఏది పనిసేసిందో ఆ దేవుడికే తెలవాలి" అనేవాడు. భార్య అప్పాయమ్మ ఇందుకు పూర్తిగా వేరు. జీడిపిక్కల ఫ్యాక్టరీలో తొక్క తీసీ తీసీ ఆమె అరచేతులు నల్లబడిపోయాయి గానీ, నోటివెంట ఒక్క వంకర మాట వచ్చింది లేదు. మాటంటే మాటే. మనిషికిచ్చిన మాటనే అంత పట్టుగా నిలబెట్టుకునే ఆమె, దేవుడికిచ్చిన మాట దగ్గర ఎలా ఉంటుందో వేరే చెప్పాలా.

వాళ్ళ సంఘంలో ప్రథమ ఫలం ఇవ్వడం తాతలనాటి ఆచారం. జీడితోట ఉన్నవాళ్ళు మొదటి బుట్ట పిక్కలు, పాడి ఉన్నవాళ్ళు మొదటి ఈత పాలు, ఉద్యోగం వచ్చినవాళ్ళు మొదటి నెల జీతం తెచ్చి ఆదివారం పాస్టరుగారి బల్లమీద పెడతారు. పరిమళ ఇంటర్ పాసై బి.ఎస్సీ. నర్సింగు సీటు కోసం ఎదురుచూస్తున్న రోజుల్లో అప్పాయమ్మ ఆరాధన మధ్యలో లేచి నిలబడింది. నెలతో సరిపెట్టుకోలేదు. "మా పిల్లకి సీటొస్తే, సదువయ్యేక దాని మొదటి ఏడాది కష్టం నీదే ప్రభువా" అంది. సంఘమంతా ఆమేన్ అంది. పక్కన కూర్చున్న పరిమళ కూడా అంది. పదిహేడేళ్ళ పిల్లకి ఏడాది అంటే ఎంతో ఏం తెలుసు.

సీటు వచ్చింది. నాలుగేళ్ళ చదువు అరవై ఒక్క శాతంతో గట్టెక్కింది. రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో పేరు నమోదైంది. 2019 జూన్ మొదటి సోమవారం నాడు అప్పాయమ్మ కూతురికి తలకి నూనె రాసి, గట్టిగా జడ వేసి, ఊరికి దూరంగా తోటల మధ్య ఉన్న మిషన్ ఆస్పత్రికి తానే తీసుకెళ్ళింది. ఆఫీసులో గుమాస్తా శ్యాంబాబు హాజరు పట్టీ తెరిచి, పెన్ను అందించాడు.

"ఇక్కడ పేరు రాసి సంతకం పెట్టమ్మా. నెలకింతని ఏదో ఇస్తారు, తక్కువే అనుకో."

అప్పాయమ్మ చెయ్యి జాపి పట్టీ మూసేసింది. "సంతకం దేనికి బాబూ? సంతకం పెడితే కూలవుద్ది. ఇది కానుక."

"హాజరుకేనండీ అప్పాయమ్మ గారూ. వచ్చిందో లేదో తెలవాలి కదా."

"మా పిల్ల వచ్చిందో రాలేదో ఆయన సూసుకోడేటి?"

శ్యాంబాబు నవ్వి పట్టీ పక్కన పెట్టాడు. అక్కడ అదేమీ వింత కాదు. శనివారాలు సంఘం ఆడవాళ్ళు వచ్చి వార్డులు కడిగి వెళ్ళేవారు, పాటల బృందం కుర్రాళ్ళు గోడలకి సున్నం వేసేవారు. ఎవరూ ఎక్కడా సంతకం పెట్టలేదు. కాకపోతే చీపురుకి రిజిస్టరు అక్కర్లేదు. నర్సుకి కావాలి. ఆ తేడా ఆ గదిలో ముగ్గురికీ తట్టలేదు.

ఆ ఏడాది పరిమళ ఎన్ని కాన్పులు చేయించిందంటే, రావికమతం వైపు ఒక బడిలో ఒకటో తరగతి మొత్తం ఆమె చేతుల్లో పుట్టిందేనని చెబుతారు. అంత లేదు గానీ, వరసగా నలభై మంది పిల్లల్ని పట్టింది నిజం. ఏజెన్సీ నుంచి డోలీలో మోసుకొచ్చిన బాలింతలకి రక్తం ఆపింది. చివరి మూడు నెలల్లో కోవిడ్ వస్తే ప్లాస్టిక్ కోటు తొడుక్కుని చెమటలో నానిపోయింది. పని నేర్చుకోవడానికి వచ్చిన ఆడపిల్లలకి అన్నం తినే స్టీలు పళ్ళెం వెనక సున్నంతో గుండె బొమ్మ గీసి, ఏ గదిలోంచి ఏ గదిలోకి రక్తం పోతుందో చెప్పేది. పాఠం అయ్యాక పళ్ళెం కడుక్కుని అందులోనే తినేవారు. తనకి ఏ పని ఇష్టమో ఆమెకి అక్కడే తెలిసింది.

2020 జూన్‌లో ఏడాది నిండింది. విశాఖలో ఒక పెద్ద ఆస్పత్రిలో ఉద్యోగం ఖాయమైంది. చేరడానికి ఆరు రోజులుందనగా జ్ఞానరాజు పెరట్లో పళ్ళు తోముకుంటూ పడిపోయాడు. పక్షవాతం. కుడివైపంతా పోయింది. మాట కూడా పోయింది. అంత కబుర్లపోగు నోట్లో "బా" అన్న ఒక్క అక్షరం మిగిలింది.

నాలుగున్నరేళ్ళు. ముక్కులో గొట్టంతో తిండి, రెండు గంటలకోసారి పక్క మార్చడం, మూత్రం సంచీ, ఒళ్ళు తుడవడం. అంతకాలం మంచంమీద ఉన్న మనిషి వీపున ఒక్క పుండు పడలేదు. ఊళ్ళో డాక్టరు ఒకాయన ఆ వీపు చూసి, నా ఆస్పత్రిలో వారం ఉంచితే నేనివ్వలేను ఈ వీపు అన్నాడు. ఇది మాత్రం కోత కాదు. అయితే ఒక వీపు నిలబడాలంటే ఇంకో వీపు పడిపోవాలి కాబోలు. మనిషిని ఎత్తీ దించీ పరిమళ నడుములో డిస్కు జారింది. నడుంకి బెల్టు కట్టిన డాక్టరు, నీళ్ళ బకెట్టుకి మించి బరువు ముట్టుకోవద్దన్నాడు. ఈ ఫిబ్రవరిలో జ్ఞానరాజు పోయాడు. అప్పటికి ఆమెకి ఇరవై ఎనిమిదేళ్ళు, చేతిలో డిగ్రీ, నడుంకి బెల్టు.

వార్డు డ్యూటీ అంటే రోగుల్ని ఎత్తాలి. అది ఇక ఆమె వల్ల కాదు. మిగిలింది నర్సింగు కాలేజీలో పాఠాలు చెప్పడం. దానికి ఎం.ఎస్సీ. నర్సింగు కావాలి. మిషన్‌లో ఒక పాత నిధి ఉంది. ఎప్పుడో సీమకి వెళ్ళిపోయిన ఒక దొరసాని పేరుమీద, పైచదువు చదివే ఒక నర్సుకి ఫీజూ హాస్టలూ చూసుకుంటుంది. ఈ ఏడాదితో దాన్ని మూసేస్తున్నారు. ఆఖరి పేరుగా పరిమళది రాశారు, సీటు వస్తేనే అన్న షరతుతో. అలా ఆమె బతుకంతా ఒక్క సీటు మీదికి వచ్చి ఆగింది.

ప్రవేశ పరీక్ష రాసింది. రెండువందల పన్నెండో ర్యాంకు వచ్చింది. తమ్ముడు కిరణ్ బాబు పాలిటెక్నిక్ మధ్యలో వదిలేసి ఆటో నడుపుతున్నాడు. ఆ కబురు ఎక్కినవాళ్ళందరికీ చెప్పాడు. బలిఘట్టం దగ్గర ఎక్కినవాళ్ళకి రెండువందల పన్నెండు, అబీద్ సెంటర్ దగ్గర ఎక్కినవాళ్ళకి పన్నెండు. ఆర్టీసీ కాంప్లెక్సు చేరేసరికి రాష్ట్రంలో మొదటి ర్యాంకు. దిగినవాళ్ళు పరిమళకి ఫోన్ చేసి స్వీట్లడిగారు.

కౌన్సెలింగుకి పిలుపు వచ్చిన సాయంత్రం కిరణ్ బాబు గడపమీద కూర్చుని ఫోన్లో అర్హతలు చదవడం మొదలుపెట్టాడు. అప్పాయమ్మ చేటలో బియ్యం ఏరుతోంది.

"ఒకటి, బి.ఎస్సీ. నర్సింగు పాసవ్వాలి. అయ్యేవు. రెండు, మొత్తం మీద యాభై ఐదు శాతం. నీకు అరవై ఒకటి. నావి కూడా కలిపితే అరవై ఐదు."

"నీవి కలిపితే ఉన్నవి కూడా ఊడిపోతాయిరా," అంది అప్పాయమ్మ తలెత్తకుండానే.

"మూడు, కౌన్సిల్‌లో నర్సుగానూ మంత్రసానిగానూ రిజిస్ట్రేషను. ఉంది. నాలుగు..." కిరణ్ బాబు ఆగిపోయాడు.

"నాలుగేటిరా?"

"డిగ్రీ అయ్యేక ఆస్పత్రిలో ఒక ఏడాది అనుభవం ఉండాలంట. సర్టిఫికెట్టు, హాజరు నకలు, జీతం పడ్డ బ్యాంకు కాయితం."

అప్పాయమ్మ చేట కింద పెట్టింది. ఆమె మొహం చర్చిలో దీపాలన్నీ ఒక్కసారి వెలిగించినట్టు వెలిగింది.

"సూసేవా? ఏడాదే అడిగేరు. రెండు కాదు, ఆరు నెలలు కాదు. ఆయన నాసేత ఏడాదే ఎందుకు మొక్కించేడో ఇన్నాళ్ళకి తెలిసింది. ముందే సూసి పెట్టేడురా నాయనా." భర్త పోయిన తర్వాత ఆమె నవ్వడం అదే మొదటిసారి. "రేపే ఎల్లి ఆ కాయితం రాయించుకురా, బేగి."

"అలాగేనమ్మా," అంది పరిమళ.

మర్నాడు ఆమె వెళ్ళేసరికి మిషన్ ఆస్పత్రిలో నాలుగు మంచాలే మిగిలి ఉన్నాయి. శ్యాంబాబు తల ముగ్గుబుట్ట అయిపోయింది. ఎదురొచ్చి, జ్ఞానరాజు గురించి రెండు మంచి మాటలన్నాడు. సంగతి విని, కుర్చీ ఎక్కి బీరువా పైనుంచి 2019 పట్టీ దించాడు. జూన్ నుంచి మళ్ళీ జూన్ దాకా ఒక్కో పేజీ వేలితో కిందికి జరుపుకుంటూ వెళ్ళాడు. పగటి డ్యూటీ చూసిన నర్సు సిస్టర్ శాలిని ఉంది. ఆయాలు ఉన్నారు. తోటమాలి ఉన్నాడు.

"నువ్వు లేవమ్మా."

"ఉన్నాను కదండీ. రోజూ సాయంత్రం రాత్రి డ్యూటీకి రాగానే మీరే కదండీ టీ పంపించేవారు."

"టీకి రిజిస్టరు లేదమ్మా," అన్నాడు శ్యాంబాబు. హాస్యానికి అనలేదు. అని తలదించుకున్నాడు.

"రిపోర్టు పుస్తకాలున్నాయి కదండీ. రాత్రి డ్యూటీ అయ్యేక ఏ రోగి ఎలా ఉన్నాడో రాసేవి. అన్నీ నేనే రాసేను."

ఆ పుస్తకాలు మందుల గదిలో అట్టపెట్టెలో దొరికాయి. చెదలు ముట్టలేదు. విప్పితే పేజీలకి పేజీలు ఆమె గుండ్రటి చేతిరాత. నాలుగో మంచం, జ్వరం నూటరెండు, తడిగుడ్డ వేశాం. ఏడో మంచం, ఆడపిల్ల, రెండు కిలోల తొమ్మిదివందలు, తల్లి క్షేమం. ప్రతి పేజీ అడుగున సంతకం మాత్రం శాలినిది. పట్టీలో పేరు లేని మనిషి రిపోర్టు కింద సంతకం పెట్టకూడదు. రేపు పోలీసు కేసయినా, రోగికి ఏమైనా అయినా ఆ సంతకమే జవాబు చెప్పుకోవాలి. అందుకని తెల్లారి ఆరింటికి పరిమళ రాసిన పేజీ కింద, అప్పుడే వచ్చిన శాలిని సంతకం పెట్టేది. రోజూ అదే వరస.

"చేతిరాత నాదండీ."

"నాకు తెలుసమ్మా. నాకు తెలిసింది వాళ్ళకి పనికిరాదు." శ్యాంబాబు కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "సూపరింటెండెంటు మేడం పట్టీలో లేనిది రాయరు. స్వచ్ఛందంగా సేవ చేసిందని ఒక ఉత్తరం ఇమ్మని నేనడుగుతాను. అది నిజమే కాబట్టి ఇస్తారు. ఆవేళ మీ అమ్మగారు పట్టీ మూసీకుండా ఉంటే..."

"ఆ మాట అమ్మతో అనకండి, శ్యాంబాబు గారూ. ఎప్పుడూ అనకండి."

ఇంటికి రాగానే అప్పాయమ్మ అడిగింది, ఇచ్చారా అని. ఇచ్చారమ్మా అంది పరిమళ. మడిచిన ఉత్తరం చూపించింది. అప్పాయమ్మకి చదవడం రాదు. కాయితాన్ని రెండు కళ్ళకీ అద్దుకుని వెనక్కి ఇచ్చింది.

శాలిని ఇప్పుడు కాకినాడ వైపు ఒక కాలేజీలో లెక్చరరు. మధ్యాహ్నం అప్పాయమ్మ ఫ్యాక్టరీకి వెళ్ళాక పరిమళ ఫోన్ చేసింది.

"ఏటే, ఇన్నాళ్ళకి గుర్తొచ్చేనా?" అంది శాలిని. "అంకుల్ సంగతి విన్నాను. రావాలనే అనుకున్నాను, పరీక్షల డ్యూటీ పడింది. మీ తమ్ముడు ఇంకా కోతలు కోస్తున్నాడా?"

"కోస్తున్నాడక్కా. నేనే మొదటి ర్యాంకని ఊరంతా చెప్పేడు."

"అయితే ఎం.ఎస్సీ.కి వస్తున్నావన్నమాట. మంచిదే. నీలాగ బొమ్మ గీసి చెప్పేవాళ్ళు మా దగ్గర ఒక్కరూ లేరు."

పరిమళ సంగతి చెప్పింది. ఆ పుస్తకాల్లో రాసింది తనేనని శాలిని ఒక కాయితం మీద రాసిస్తే, కౌన్సెలింగులో వింటారేమోనని అడిగింది.

"పరీ," అంది శాలిని, "ఆ సంతకాలు చూపించే నేను అనుభవం సర్టిఫికెట్టు తీసుకున్నాను. నా ఎం.ఎస్సీ. దానిమీదే, ఈ ఉద్యోగం దానిమీదే. రాసింది నువ్వని నేను రాసిస్తే, మరి ఆ రాత్రి డ్యూటీలన్నీ నేను చెయ్యలేదని తేలుతుంది కదే."

"మీరు పగలంతా చేసేవారు కదక్కా. రెండు వార్డులూ మీ ఒక్కరిమీదే కదా. అది కూడా నేను చెబుతాను."

"చెబుతావు. ఎవరు వింటారే? పగలు చేశాను, రాత్రి పేరు వేసుకున్నాను అని నా నోటితో నేను ఒప్పుకున్నట్టు అవుతుంది. నాకు ఇద్దరు పిల్లలున్నారే. మీ బావకి పని లేదు."

"సర్లెండక్కా."

"ఒక తిట్టు తిట్టవే నన్ను."

"తిట్టడానికి ఏటుందక్కా. సంతకం పెట్టనన్నది మేమే. మీరు పెట్టేరు, అంతే."

ఫోన్ పెట్టాక నడుం పట్టేసి ఆమె గంటసేపు నేలమీద వెల్లకిలా పడుకుంది. పైన రేకుల కప్పుకి ఉన్న మేకులు లెక్కపెట్టింది. తండ్రి మంచం పక్కన కూర్చుని నాలుగున్నరేళ్ళు లెక్కపెట్టిన మేకులే. ఒక్కటీ తగ్గలేదు.

కౌన్సెలింగుకి రెండు రోజుల ముందు కిరణ్ బాబు గుమ్మం ముందునుంచే ఆటో హారను కొట్టి, అక్కని బయటికి పిలిచాడు. సీటు కిందనుంచి ఒక కవరు తీశాడు.

"చూడప్పా. పది పడకల నర్సింగ్ హోము, ముద్ర, సంతకం, తేదీ. నేను అడగ్గానే లేచి నిలబడి రాసిచ్చేడు. నేనంటే భయం వాడికి."

"నువ్వంటే కుక్కపిల్లకి కూడా భయం లేదురా. ఎవరు వాడు?"

"పేరెందుకు. బ్యాంకు కాయితం కూడా సేసిస్తాడంట, కంప్యూటర్లో. అచ్చు అలాగే ఉంటాది. ఇంకో దారి కూడా ఉందనుకో. మన సంఘమంతటినీ ఆటోలో ఎక్కించి విశాఖ తీసుకుపోతాను. రెండొందల మంది సాక్షులు. ఇంతమంది ఒక్క ఆటోలో దిగితే వాళ్ళే హడలిపోయి సీటిచ్చీస్తారు."

పరిమళకి నవ్వు వచ్చింది. వచ్చిన నవ్వు కాయితం చదివేసరికి పోయింది. 2019 జూన్ మూడు నుంచి 2020 జూన్ రెండు వరకు తమ నర్సింగ్ హోములో స్టాఫ్ నర్సుగా జీతానికి పనిచేసినట్టు రాసి ఉంది. తేదీలు సరిగ్గా ఉన్నాయి. కిరణ్ బాబు అడిగి కనుక్కుని మరీ వేయించాడు.

"ఆ ఏడాదే రాయించేవేటిరా?"

"మరి వేరే ఏడాది ఎక్కడుందప్పా నీ దగ్గర? డిగ్రీ అయ్యేక నీకున్నది ఆ ఒక్కటే. మిగతావన్నీ నాన్న మంచం దగ్గరే అయిపోయాయి."

"ఆ ఏడాది ఇంకెక్కడో జీతానికి చేసేనని రాస్తే, దేవుడికిచ్చింది ఏటవుతాదిరా?"

"ఆయన ఏమీ అనుకోడప్పా. ఆయనకి తెలుసు కదా."

"ఆయనకి తెలుసు. అమ్మకి తెలుసు. కాయితంమీద అది ఎలాగూ లేదు. ఇప్పుడు కాయితంమీదే ఇంకోటి ఎక్కిస్తే ఇంక ఎక్కడా ఉండదు." కవరు వాడి చేతిలో పెట్టింది. "నలభై మంది పిల్లల్రా. వాళ్ళెవరూ పుట్టలేదన్నట్టే కదా."

"పోనీ ఈ ఏడాది ఎక్కడో ఒకచోట చేరు. వచ్చే ఏడాది మళ్ళీ రాద్దువుగాని."

పరిమళ చీర మీదనుంచే నడుం బెల్టుమీద చెయ్యి వేసింది. "రోజుకి పదిమందిని ఎత్తాలిరా. ఎలాగో పళ్ళు బిగించి ఎత్తేననుకో, వచ్చే ఏడాదికి ఆ నిధి ఉండదు. ఫీజు నీ ఆటో కట్టాలి."

కడతానని కోత కొయ్యడానికి కిరణ్ బాబు నోరు తెరిచాడు. తెరిచిన నోరు మూసి, కవరు మళ్ళీ సీటు కింద పెట్టేశాడు.

కౌన్సెలింగు రోజు అయిదున్నర బస్సుకి అప్పాయమ్మ కూడా బయలుదేరింది. వద్దంటే వినలేదు. పులిహోర క్యారేజీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. టిక్కెట్టు కొట్టిన కండక్టరుకి, పక్క సీట్లో జీడిమామిడి వ్యాపారం చేసే ఆయనకి, వెనక సీటులో పసిబిడ్డ తల్లికి, మా పిల్ల పెద్ద చదువుకి ఎల్తందని చెప్పింది. దేవుడు ఏడాది ముందే కట్టించుకున్నాడని కూడా చెప్పింది. విన్నవాళ్ళకి ఏమీ అర్థం కాకపోయినా తలాడించారు. పరిమళ కిటికీవైపు తిరిగి కూర్చుంది. ఆ ఉత్తరంలో ఒక్క ముక్క అయినా ఎవరికైనా నచ్చకపోతుందా అని దారి పొడుగునా ఆమె లోపల ఒక చిన్న ఆశ మిణుకుమంటూనే ఉంది. ఆశకి సిగ్గుండదు.

సర్టిఫికెట్లు చూసే హాల్లో మూడు బల్లలు. మొదటి బల్ల దగ్గర మార్కులు చూసి టిక్కు పెట్టారు. రెండో బల్ల దగ్గర కౌన్సిల్ రిజిస్ట్రేషను చూసి టిక్కు పెట్టారు. మూడో బల్ల దగ్గర ఒక పెద్దావిడ కూర్చుంది. పొద్దుటినుంచి కాయితాలు తిప్పి తిప్పి వేళ్ళకి సిరా అంటింది. ఉత్తరం రెండుసార్లు చదివింది.

"స్వచ్ఛంద సేవ అని ఉందేంటమ్మా. జీతం?"

"తీసుకోలేదండీ."

"హాజరు నకలు?"

"సంతకం పెట్టలేదండీ."

"ఏడాది పొడుగునా? ఎందుకని?"

ఎందుకని అని ఒక ఆఫీసులో ఎవరైనా అడుగుతారని పరిమళ అనుకోలేదు. అడిగితే చెప్పడానికి పొడుగాటి జవాబు ఏదీ తయారుగా లేదు. "కానుకండీ," అంది.

"ఎవరికి?"

"దేవుడికండీ."

ఆవిడ కళ్ళద్దాల పైనుంచి చూసింది. వెటకారం లేదు ఆ చూపులో. అది ఉన్నా బాగుండేది. "సరే, తర్వాత? ఆ తర్వాత ఎక్కడైనా చేశావా? అయిదేళ్ళు అయింది కదా."

"చేశానండీ. నాలుగున్నరేళ్ళు."

ఆవిడ మొహం తేటపడింది. పెన్ను తీసి కాయితం దగ్గరికి లాక్కుంది. "అది చెప్పవేమమ్మా మరి. ఎన్ని పడకల ఆస్పత్రి?"

"ఒకటండీ."

పెన్ను ఆగింది.

"మా నాన్నకండీ. ఇంట్లో."

వెనక వరసలో ఎవరో దగ్గారు. ఆవిడ పెన్ను మూత పెట్టి, మళ్ళీ తీసి, అర్హత లేదు అని రాసింది. అనుభవం చూపలేదని దాని పక్కన బ్రాకెట్లో రాసింది. "నాలుగింటి దాకా టైముంది. ఏ కాయితమైనా తెప్పించుకోగలిగితే తెప్పించుకో," అంది మెల్లగా. ఫైలు వెనక్కి ఇచ్చేటప్పుడు దాన్ని కాసేపు వదలకుండా పట్టుకుంది. తర్వాత వదిలేసింది.

పరిమళ మెట్లమీద కూర్చుంది. తెప్పించుకోవడానికి ఏ కాయితమూ లేదని తెలిసీ నాలుగింటి దాకా కూర్చుంది. నాలుగూ అయిదుకి మైకులో రెండువందల పదమూడో ర్యాంకు పిలిచారు. పొట్టిగా ఉన్న ఒక పిల్ల ఫైలు గుండెకి హత్తుకుని, చెప్పులు టకటకలాడిస్తూ ఆమె పక్కనుంచే మెట్లెక్కింది. తప్పుకోండక్కా అంది. పరిమళ తప్పుకుంది.

అప్పాయమ్మ స్కూటర్లు పెట్టే రేకుల షెడ్డు నీడలో క్యారేజీ పక్కన పెట్టుకుని కూర్చుని ఉంది. పొద్దుటినుంచి తినలేదు. కూతురు తిన్నాక తిందామని. దూరంనుంచే మొహం చూసి లేచి నిలబడింది.

"ఏటైందే?"

పరిమళ మెట్లు దిగుతున్నప్పుడే ఆ మాట సిద్ధం చేసుకుంది. ఆ ఇంట్లో తండ్రి అన్ని అబద్ధాలు ఆడాడు, తమ్ముడు ఆడుతున్నాడు. ఆమె వంతు ఇన్నాళ్ళకి వచ్చింది.

"ర్యాంకు చాల్లేదమ్మా. నా ముందువాళ్ళతో సీట్లు అయిపోయాయి."

"సీటందకుండా ఎంతమంది మిగిలేరే నీ ముందు?"

"ఇద్దరు."

"ఇద్దరేనా." అప్పాయమ్మ మళ్ళీ కూర్చుంది. "కాయితాలన్నీ బాగున్నాయన్నారా?"

"బాగున్నాయన్నారు."

"ఆ ఏడాది కాయితం?"

"అది రెండుసార్లు చదివేరమ్మా. ఇలాంటిది ఇంతవరకు చూడలేదన్నారు."

అప్పాయమ్మ తల ఊపింది. ఆ మాట ఆమెకి కొంత ఊరట. క్యారేజీ విప్పింది. ఎండకి పులిహోర కాస్త వాసన వేసింది గానీ ఇద్దరూ తిన్నారు. "అయిదేళ్ళు పుస్తకం ముట్టుకోకపోతే మరి ర్యాంకెలా వస్తాదే. నీ తప్పు కాదులే," అంది తింటూ.

సాయంత్రం బస్సులో సీటు దొరికింది. అనకాపల్లి దాటేదాకా అప్పాయమ్మ వేళ్ళమీద ఏదో లెక్కపెట్టుకుంటూ కూర్చుంది. రోడ్డు గుంతలమయం. ఒక్కో గుంతకీ పరిమళ నడుంలోంచి కాలి మడమ దాకా సూది దిగినట్టయింది. బెల్టు బిగించుకుని పళ్ళు బిగపట్టింది.

తాళ్ళపాలెం సెంటర్లో బస్సు ఆగి కదిలాక అప్పాయమ్మ కూతురి వైపు తిరిగింది. ఏదో తేల్చుకున్న మొహం.

"ఇద్దరే ముందున్నారంటే మనం ఆ గడపదాకా ఎల్లినట్టే కదే. ఎక్కడో చిన్న తక్కువ. నాను బస్సెక్కిన కాడినుంచి అదే ఆలోసిస్తన్నాను. ఏడాది ఇచ్చేం. అది డిగ్రీ సదువుకి సరిపోయింది. ఇది పెద్ద సదువు. పెద్ద సదువుకి ఏడాది ఏం సరిపోద్ది?"

పరిమళ తల్లివైపు చూసింది.

"వచ్చే ఏడు నీకు సీటొస్తే, సదువయ్యేక రెండేళ్ళు ఇచ్చీద్దామే. సంతకం లేకుండా, జీతం లేకుండా. దొరసాని డబ్బులెక్కడికి పోతాయి, అవి ఎప్పుడూ ఉంటాయి. నువ్వు ఊఁ అన్నావంటే ఈ ఆదివారమే లేచి సెప్పీస్తాను."

బస్సులో లైట్లు వెలిగాయి. కండక్టరు చిల్లర లెక్కపెట్టుకుంటూ వెనక్కి వెళ్ళాడు. అప్పాయమ్మ జవాబు కోసం చూస్తోంది. ఆ చూపులో అనుమానం లేదు.

"ఊఁ," అంది పరిమళ.